పిలుపుకు కొలతలు: సుమతీ నుంచి శ్రీకాళహస్తీశ్వరా దాకా

గ్రీకులు ఒకే మాటతో రెండు పనులు చేయించుకున్నారు. 'అపోస్ట్రఫీ' అంటే అటు తిరగడం. న్యాయసభలో వక్త న్యాయాధికారులతో మాట్లాడుతూ మాట్లాడుతూ ముఖం తిప్పి ప్రతివాదినో, అక్కడ లేని దేవుణ్ణో, ఎప్పుడో పోయిన పెద్దనో పేరుపెట్టి పిలిస్తే అది అపోస్ట్రఫీ. క్రీ.పూ. 63లో రోమన్ సెనేట్‌లో సిసిరో మొదటి వాక్యంతోనే నేరుగా కుట్రదారు కేటలైన్ మీదికి తిరిగి, మా ఓపికతో ఇంకెంతకాలం ఆడుకుంటావని నిలదీశాడు. పాఠాల్లో దీన్నే ఉదాహరణగా చూపిస్తారు. రెండోది, అక్షరం జారిపోయినచోట పైన పెట్టే చిన్న కొక్కెం. ఫ్రెంచిలో దాన్ని వాడమని 1529లో జోఫ్రువా తోరీ ప్రతిపాదించాడు. ఇంగ్లీషులోకీ ఆ శతాబ్దిలోనే వచ్చింది.

మనకు ఈ రెండూ ఒక పేరు కింద లేవు. మొదటిది సంబోధన. రెండోదాని పనిలో కొంత అరసున్న (ఁ) చేస్తుంది, కొంత అవగ్రహం (ఽ) చేస్తుంది. వాటి సంగతి చివర్లో చూద్దాం. ముందు సంబోధన. తెలుగులో అది గట్టిగా కాలూనిన చోటు శతకం. శతకంలో ప్రతి పద్యం చివరా వచ్చే పిలుపే మకుటం. చాలామంది దాన్ని జడ చివర తగిలించే కుచ్చు అనుకుంటారు. పద్యం కట్టేవాడికి మాత్రం అది ముందుగా పాతాల్సిన గుంజ. నూరో నూటెనిమిదో పద్యాలను దానికే కట్టాలి. గుంజ పాతిన చోటు తప్పయితే నూటెనిమిది పద్యాలూ కుంటుతాయి.

అన్నిటికన్నా తేలికైనది సుమతీ శతకంలోని 'సుమతీ'. ఆ పద్యాలు కందాలు. కందం కొలత గుర్తుచేసుకుందాం. పొట్టి అక్షరం లఘువు, ఒక మాత్ర. దీర్ఘం, సున్న ఉన్నది, జంట అక్షరానికి ముందున్నది గురువు, రెండు మాత్రలు. వీటి గుంపే గణం. గగ (రెండు గురువులు), భ (గురువు, రెండు లఘువులు), జ (లఘువు, గురువు, లఘువు), స (రెండు లఘువులు, గురువు), నల (నాలుగు లఘువులు) అనే నాలుగు మాత్రల గణాలు. ఒకటి, మూడు పాదాల్లో మూడేసి, రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి. మొత్తం 64 మాత్రలు. రెండో పాదం, నాలుగో పాదం గురువుతో ముగియాలి కాబట్టి అక్కడ చివరి గణం గగ గానీ స గానీ అవుతుంది. 'సుమతీ' అంటే లఘువు, లఘువు, గురువు. అచ్చంగా స గణం. 64 మాత్రల్లో నాలుగే తీసుకుని మూల కూర్చుంటుంది. పైగా కందం రెండు, నాలుగు పాదాల్లో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం మీద పడుతుంది, 'సుమతీ' ఐదో గణం. అంటే మకుటానికి యతితో ఏ సంబంధమూ లేదు. కవికి ఇంతకన్నా స్వేచ్ఛ ఇచ్చే మకుటం ఇంకోటి దొరకదు.

బద్దెన పేరున చెలామణీ అయ్యే ఈ పద్యం తెలియనివాళ్ళు లేరు:

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమునఁ దా
నెక్కినఁ బాఱని గుఱ్ఱము
గ్రక్కున విడువంగవలయుఁ గదరా సుమతీ!

నాలుగో పాదం విడగొట్టి చూడండి: గ్రక్కున (భ), విడువం (స), గవలయుఁ (నల), గదరా (స), సుమతీ (స). మూడో గణం జ గానీ నల గానీ కావాలన్న నియమం ఉంది, నల పడింది. యతి 'గ్ర'కూ 'గదరా'లోని 'గ'కూ. ఇందులో 'కదరా' అన్నది 'గదరా' ఎందుకైందో, ఆ అరసున్న అక్కడ ఏం చేస్తోందో తరవాత చూద్దాం.

ఇదే కందంలో 'గువ్వలచెన్నా' అని పెట్టుకుంటే పరిస్థితి మారిపోతుంది. గువ్వల (భ), చెన్నా (గగ). రెండు గణాలు పట్టింది. అంటే నాలుగో గణం మొదటి అక్షరం, యతి పడే చోటు, 'గు'. ఇక ప్రతి పద్యంలో నాలుగో పాదం క, ఖ, గ, ఘలలో ఒకదానికి ఉ, ఊ, ఒ, ఓలలో ఏదో ఒకటి చేరిన అక్షరంతో మొదలుకావాల్సిందే.

గుడి కూలును నుయి పూడును
వడినీళ్ళం జెరువు తెగును వనమును ఖిలమౌ
చెడనిది పద్యం బొక్కటి
కుడియెడమలఁ గీర్తిఁ గన్న గువ్వలచెన్నా!

'కుడి'కి 'గువ్వ'తో యతి కుదిరింది. మంచి పద్యమే గానీ నిజం చెప్పుకోవాలంటే విషయం 'చెడనిది పద్యం బొక్కటి' దగ్గరే అయిపోయింది. నాలుగో పాదమంతా పిలుపుకు ముందు తొడిగిన విశేషణం. యతి అడిగింది కాబట్టి 'కుడియెడమల' వచ్చింది. మకుటం పొడుగైనకొద్దీ ఇలాంటి పూరింపు పెరుగుతుంది.

'కుమారా' ఇంకో రకం చిక్కు. లఘువు, గురువు, గురువు: ఐదు మాత్రలు, ఒక గణంలో ఇమడదు. 'మారా' చివరి గణమై 'కు' వెనకటి గణంలోకి పోతుంది. అక్కడ జ గణం వాడకూడదు కాబట్టి ఆ గణం భ గానీ నల గానీ కావాలి, దాని చివరి లఘువు 'కు' కావాలి. చూడ్డానికి చిన్నమాటే, కట్టేటప్పుడు రెండు గణాలనూ పట్టుకుంటుంది.

వృత్తాల్లోకి, అంటే ప్రతి పాదంలో గురులఘువుల వరస మారకుండా ఒకటే ఉండే పద్యాల్లోకి వస్తే అసలు నేర్పు అక్కడ కనబడుతుంది. ఉత్పలమాల భ, ర, న, భ, భ, ర, వ (ర అంటే గురువు, లఘువు, గురువు; న మూడు లఘువులు; వ లఘువు, గురువు). 20 అక్షరాలు, పదో అక్షరం యతి. భద్రాచలం రామదాసు, అంటే కంచెర్ల గోపన్న, 17వ శతాబ్దిలో ఎంచుకున్న మకుటం 'దాశరథీ కరుణాపయోనిధీ'. దాశర (భ), థీకరు (భ), ణాపయో (ర), నిధీ (వ). పాదంలో వెనక సగం మొత్తం, 11 అక్షరాలు, దానికే పోయాయి. ముందు మిగిలింది తొమ్మిది. పదో అక్షరం 'దా', సరిగ్గా యతిస్థానం.

ఇదే మకుటం చంపకమాలలోనూ సరిపోతుంది. అదేం మాయ కాదు. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విరిస్తే వచ్చేదే చంపకమాల. తోక ఒకటే. అక్కడ 21 అక్షరాలు, యతి పదకొండో అక్షరం, మళ్ళీ 'దా'నే. అందుకే ఈ రెండు వృత్తాలూ ఒక శతకంలో కలిసి కాపురం చేస్తాయి.

శార్దూలానికీ మత్తేభానికీ కూడా ఇలాంటి చుట్టరికమే. శార్దూలం మ, స, జ, స, త, త, గ: 19 అక్షరాలు, పదమూడో అక్షరం యతి. మత్తేభం స, భ, ర, న, మ, య, వ: 20 అక్షరాలు, పద్నాలుగో అక్షరం యతి. గణాల పేర్లు చూస్తే పోలికే కనబడదు గానీ రెండింటి చివరి ఏడు అక్షరాలూ ఒకే బరువు: గురువు, గురువు, లఘువు, గురువు, గురువు, లఘువు, గురువు. శ్రీ, కా, ళ, హ, స్తీ, శ్వ, రా. ధూర్జటి 16వ శతాబ్దిలో ఈ ఏడక్షరాల అచ్చులో తన దేవుడి పేరు పోశాడు. యతి 'శ్రీ' మీద పడుతుంది. అది సంయుక్తాక్షరం కాబట్టి 'శ'తోనైనా కుదర్చవచ్చు, 'ర'తోనైనా కుదర్చవచ్చు. చి, జే, సి, శే, షీ మాత్రమే కాదు, రి, రే, లే కూడా పనికొస్తాయి. వంద పద్యాలకు సరిపడా తలుపులు తెరిచిపెట్టుకున్నాడు.

ఆ ఎంపిక ఎంత పనికొచ్చిందో ఒక పద్యం దగ్గర ఆగి చూద్దాం:

రాజుల్ మత్తులు వారిసేవ నరకప్రాయంబు వారిచ్చునం
భోజాక్షీ చతురంతయాన తురగీ భూషాదు లాత్మవ్యథా
బీజంబుల్ తదపేక్ష చాలు పరితృప్తింబొందితిన్ జ్ఞాన ల
క్ష్మీ జాగ్రత్పరిణామ మిమ్ము దయతో శ్రీకాళహస్తీశ్వరా!

మూడో పాదం 'ల' దగ్గర తెగింది. 'లక్ష్మీ' అన్న మాటను కవి నడిమికి విరిచి 'క్ష్మీ'ని కింది పాదానికి దించాడు. దానితో మూడు పనులు జరిగాయి. శార్దూలం పాదం గురువుతో ముగియాలి. 'ల' లఘువే గానీ వెంటనే 'క్ష్మీ' రావడంతో గురువైంది. రెండోది, నాలుగో పాదం 'క్ష్మీ'తో మొదలైంది. అందులోని షకారానికీ ఈకారానికీ 'శ్రీ'తో యతి కలిసింది. మూడోది, ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలన్నది ప్రాసనియమం, ఇక్కడ రెండో అక్షరంగా 'జా' వచ్చి రాజు, భోజ, బీజ అన్న ప్రాస నిలబడింది. ఒక్క విరుపు. ఇక్కడ నాలుగో పాదం పూరింపు కానే కాదు. 'ఇమ్ము' అన్న క్రియ అక్కడే ఉంది. ఇవ్వమంటే ఎవరో ఒకరు ఉండాలిగా, ఆ ఎవరు వెంటనే వచ్చాడు. గువ్వలచెన్నలో పిలుపు పద్యానికి చివర అతికింది, ఇక్కడ వాక్యం పిలుపు కోసమే ఆగి ఉంది.

ఇంకో మాట. 'రాజులు మత్తులు' అని రాజుతో అనలేదు. రాజు వింటుండగా దేవుడితో అన్నాడు. గ్రీకులు చెప్పిన 'అటు తిరగడం' తెలుగులో ఇంతకంటే నిక్కచ్చిగా కనబడదు. ముఖం దేవుడి వైపు, దెబ్బ కొలువు వైపు. అధిక్షేప శతకాలన్నిటి కీలూ ఇదే.

యతి ఎప్పుడూ మకుటం మొదటి అక్షరం మీదే పడుతుందనుకోవద్దు. 13వ శతాబ్ది పాల్కురికి సోమనాథుడి మకుటం 'బసవా బసవా బసవా వృషాధిపా'. 13 అక్షరాలు. ఉత్పలమాలలో ఇక మిగిలేవి ఏడు, చంపకమాలలో ఎనిమిది. అంత తక్కువ జాగాలో చెప్పాల్సింది ముగించాలి. యతిస్థానం మొదటి 'బసవా'లోని 'వా' మీద పడుతుంది. నాలుగో పాదం ప, ఫ, బ, భ, వలలో ఒకదానికి అ, ఆ, ఐ, ఔలలో ఒక అచ్చు చేరి మొదలుకావాలి. మకుటం ఎంచుకునేటప్పుడు మొదటి అక్షరం చూసి సరిపెట్టుకుంటే ఇక్కడే బోల్తా పడతారు. వెనకనుంచి అక్షరాలు లెక్కపెట్టి యతి ఏ అక్షరం మీద కూర్చుంటోందో చూడాలి.

ఇవన్నీ ప్రాసనియమం ఉన్న పద్యాలు. ఆటవెలదికి, తేటగీతికి, సీసానికి ఆ నియమం లేదు. అందుకే అక్కడ మకుటం ఏకంగా పాదమంతా ఆక్రమించగలదు. వృత్తంలో నాలుగో పాదమంతా మకుటం చేస్తే వంద పద్యాలకూ ఒకే ప్రాసాక్షరం వాడాల్సివస్తుంది. ఎవరూ భరించలేరు. ఆటవెలది నాలుగో పాదం ఐదు సూర్యగణాలు. సూర్యగణం అంటే గురువు, లఘువు (హగణం) లేదా మూడు లఘువులు (నగణం). విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. నాలుగోది నగణం, తక్కినవి హగణాలు. యతి మొదటి గణానికీ నాలుగో గణానికీ: వి, వి. అన్నీ లోపలే సర్దుకున్నాయి. పై మూడు పాదాల్లో ఏం చెప్పినా ఈ పాదం వచ్చి కూర్చుంటుంది. దేనితోనూ లంకె లేదు, దేన్నీ అడగదు. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేయించేనాటికే ఎవరెవరివో పద్యాలు ఆ పేరుమీద కలిసిపోయి ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. మూడు పాదాలు కట్టగలిగితే చాలు, నాలుగోది తయారుగా ఉంది.

చాలాచోట్ల 'వినుర వేమా' అని అచ్చవుతుంది. తప్పు. 'వేమా' రెండు గురువులు, సూర్యగణం కాదు. చదివేటప్పుడు చివర గొంతు సాగితే సాగనీండి, రాసేటప్పుడు 'వేమ' అని పొట్టిగానే ఉంచాలి. కందంలో, వృత్తాల్లో పాదం చివర గురువు కావాలి కాబట్టి 'సుమతీ', 'భాస్కరా' అని దీర్ఘం తీస్తాం. ఆటవెలదిలో, తేటగీతిలో లఘువు కావాలి కాబట్టి దీర్ఘం పనికిరాదు. నరసింహ శతకంలో ధర్మపురి శేషప్ప 'నరసింహ దురితదూర' అని హ్రస్వంతో ఆపింది అందుకే.

ఆ శేషప్ప మకుటం సీసం కింద వచ్చే తేటగీతిలో రెండు పాదాలు పడుతుంది: 'భూషణవికాస శ్రీధర్మపుర నివాస, దుష్టసంహార నరసింహ దురితదూర'. తేటగీతి పాదం ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి), రెండు సూర్యగణాలు. భూష, ణవికాస, శ్రీధర్మ, పురని, వాస. యతి భూ, పు. దుష్ట, సంహార, నరసింహ, దురిత, దూర. యతి దు, దు. సీసానికి నాలుగు పొడుగు పాదాలు ముందే ఉంటాయి గనుక రెండు పాదాలు మకుటానికి పోయినా బాధ లేదు. ఆటవెలదిలో నాలుగో వంతు ఇచ్చేయడమే ఎక్కువ, అందుకే వేమన మూడు పాదాల్లో అంత బిగువు.

పిలుపు ఎవరివైపు తిరుగుతోందో కూడా చూడాలి. 'ఉప్పు కప్పురంబు' పద్యంలో మూడో పాదం 'పుణ్యపురుషులు వేరయా' అని ముగుస్తుంది. 'అయా' ఒక పిలుపు, ఎదుటివాళ్ళకి, మర్యాదగా. వెంటనే 'వినుర' అని ఇంకో పిలుపు, చనువుగా, వేమకి. రెండు పాదాల్లో ఇద్దరు వినేవాళ్ళు. సభకు చెప్పి, చివరి క్షణంలో తనవైపు తను తిరిగాడని నేను చదువుకుంటాను. మర్యాద మారడమే ఆ మలుపుకు గుర్తు. తెలుగులో సంబోధన ఎప్పుడూ మర్యాద లేకుండా ఉండదు. ఓయి, ఓరి, ఓసి అని వ్యాకరణం మూడు మాటలు నేర్పితే వాటిలో సమానుడు, కిందివాడు, ఆడమనిషి అన్న తేడాలు దాగి ఉన్నాయి. 'కదరా సుమతీ'లో 'సుమతి' ఎవరైనా కావచ్చు, 'రా' మాత్రం కుర్రవాణ్ణి ముందు నిలబెట్టింది. కొత్తగా శతకం కట్టేవాళ్ళు 'గురువర్యా' అని పిలిచి వెనకే 'వినుమురా' అంటున్నారు. ఒకటో రెండో కాదు, నూటెనిమిది సార్లు.

ఇంకో చిన్న సంగతి. సంస్కృతంలో 'దాశరథి' సంబోధన 'దాశరథే', 'సుమతి'కి 'సుమతే'. మనవాళ్ళు మాటను సంస్కృతంనుంచి తెచ్చినా పిలవడం తెలుగులోనే పిలిచారు, చివరి అచ్చు సాగదీసి. వీధిలో 'లక్ష్మీ' అని కేకేసినట్టే. ఛందస్సుకు ఆ కేకలోని దీర్ఘం కలిసొచ్చింది.

మీరే మకుటం కట్టుకోవాలంటే ముందు పిలిచే మాటను తూచండి. 'చెలియా' లఘువు, లఘువు, గురువు. 'సుమతీ' కూర్చున్న చోట కూర్చుంటుంది. 'మిత్రమా' గురువు, లఘువు, గురువు. కందం చివర ఏం చేసినా కుదరదు. స గణానికి 'మా' ముందు రెండు లఘువులు కావాలి, గగకు గురువు కావాలి. రెండూ లేవు. దాన్ని ఉత్పలమాలకో శార్దూలానికో తీసుకెళ్ళండి, నాలుగు వృత్తాల్లో దేని చివరైనా హాయిగా ఇముడుతుంది. 'రైతన్నా' మూడు గురువులు. కందంలో 'తన్నా' గగ అయి, 'రై' వెనక గణం చివర చేరుతుంది, పరవాలేదు. హ్రస్వం చేసి ఆటవెలదిలో పెడదామంటే మాత్రం ఒప్పుకోదు. 'తన్న' హగణమే గానీ ముందున్న 'రై' గురువు, సూర్యగణం గురువుతో ముగియదు.

పాదమంతా మకుటం కావాలంటే ఇలా: 'తెలుగువారి మాట తెలియుమన్న'. తెలుగు, వారి, మాట, తెలియు, మన్న. ఐదు గణాలు, యతి తె, తె. వాడుకగా ఉంటుందని 'తెలుసుకోర అన్న' అని మార్చారనుకోండి, తెలుసు, కోర, అన్న అని మూడు గణాలై పాదం ఆరు గణాలకు పోతుంది. చెవికి బాగానే ఉంటుంది, అదే ప్రమాదం. వేళ్ళమీద లెక్కపెట్టకుండా నమ్మొద్దు.

తరవాత యతి అక్షరం ఎంత పంట ఇస్తుందో చూసుకోండి. క, త, ప, స వర్గాల్లో పడితే నిఘంటువు నిండా మాటలే. ట వర్గంలో పడితే నాలుగో పాదం మొదలుపెట్టడానికి ఇరవై పద్యాలకే మాటలు నిండుకుంటాయి. వాడినవే తిప్పితిప్పి వాడాలి. ఊరి దేవుడి పేరు మీద శతకం మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్ళలో చాలామందికి తగిలే గోతి ఇదే.

ఇప్పుడు ఆ 'వలయుఁ గదరా' దగ్గరికి. అసలు మాట 'వలయున్'. మాట చివరి ఆ 'న్'నే ద్రుతం అంటారు. దాని తరవాత పరుషం (క, చ, ట, త, ప) వస్తే సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది, 'కదరా' 'గదరా' అయింది. ద్రుతం కరిగి అరసున్నగా మిగిలింది. అంటే ఆ సగం సున్న ఇక్కడ ఒక నకారం ఉండేదని చెప్పే గుర్తు. 'వాఁడు', 'ఏఁడు' మాటల్లోనూ అంతే, పోయిన అనునాసికం జాడ. ఇంగ్లీషు కొక్కెం చేసే పని ఇదే కదా. దానికి మాత్ర లేదు, ముందున్న అక్షరాన్ని గురువు చేయదు. 'వలయుఁ'లో 'యుఁ' లఘువే, అందుకే 'గవలయుఁ' నల అయింది. నిండు సున్న పెట్టి 'వలయుం గదరా' అని రాస్తే ఐదు మాత్రలై కందం కూలిపోతుంది. ఈకాలపు అచ్చుల్లో అరసున్న తీసేసి 'వలయు గదరా' అంటున్నారు. ఛందస్సు చెడదు గానీ 'క' ఎందుకు 'గ' అయిందో చెప్పే సాక్షి పోయాడు. పిల్లలకు నేర్పే పుస్తకంలోనైనా ఉంచితే బాగుండును.

అవగ్రహం సంస్కృతం వెంట వచ్చింది. సః, అహం కలిస్తే 'సోఽహం'. మింగుడుపడిన అకారం ఉండిన చోట ఆ వంకర గీత. దానికీ మాత్ర లేదు, 'సోఽహం' రెండు గురువులే. పాటల పుస్తకాల్లో రాగం తీసేచోట కూడా ఇదే గుర్తు వరసగా పెడతారు, అక్కడ మాత్రం సాగదీయమని అర్థం. రెండు ఎదురెదురు పనులు ఒకే గుర్తుకు. సందర్భం చూసి చదువుకోవాలి.

కంప్యూటర్‌లో ఈ గుర్తులు ఎక్కువగా పాడయ్యేది బద్ధకంవల్ల. అరసున్నకు యూనికోడ్‌లో దశాంశ సంఖ్య 3073, అవగ్రహానికి 3133. కీబోర్డులో కనబడలేదని 'సో'హం' అని ఇంగ్లీషు కొక్కెం కొడితే చూపుకు దగ్గరగానే ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు. కొక్కేల్లోనూ రెండున్నాయి: టైపుమిషన్ కాలం నాటి నిటారుది 39, వంపుది 8217. ఏడాదిని పొట్టిగా రాసేటప్పుడు అంకెల ముందు కొక్కెం కొడితే సాఫ్ట్‌వేర్ దాన్ని కోట్ మొదలనుకుని తలకిందులు చేస్తుంది. రెండుసార్లు కొట్టి మొదటిది చెరిపేస్తే సరైన వంపు మిగులుతుంది. ఇక 'బ్లాగ్'లో' అని పరాయిమాటకూ విభక్తికీ మధ్య కొక్కెం పెట్టే అలవాటు మానుకోవచ్చు. ఏ అక్షరమూ జారిపోలేదు అక్కడ. 'గ్', 'లో' అతుక్కుని 'గ్లో' కాకుండా ఉండాలన్నదే బాధ అయితే మధ్యలో 8204 సంఖ్య గల కనబడని విడదీత చాలు.

చివరగా కృష్ణాజిల్లా శ్రీకాకుళం దేవుడిమీద కాసుల పురుషోత్తమ కవి చెప్పిన నిందాస్తుతి (తిడుతున్నట్టు పొగడటం) శతకం మకుటం: 'చిత్రచిత్రప్రభావ! దాక్షిణ్యభావ! హతవిమతజీవ! శ్రీకాకుళాంధ్రదేవ!' తేటగీతి చివరి రెండు పాదాలు. మొదటిది చిత్ర, చిత్రప్ర, భావదా, క్షిణ్య, భావ. 'చి'కి 'క్షి'లోని షకారంతో యతి, 'దాక్షిణ్య' అన్న మాట నట్టనడుమ. రెండోది హతవి, మతజీవ, శ్రీకాకు, ళాంధ్ర, దేవ. ఇక్కడ 'హ'కూ 'ళాం'కూ యతి ఏమిటని మొదటిసారి చూసినవాళ్ళు తడబడతారు. శ్రీకాకుళ, ఆంధ్ర అని విడదీయాలి. సంధిలో కలిసిపోయిన 'ఆ'తో 'హ'కు మైత్రి, స్వరప్రధాన యతి. పిలుపు నిలబడింది ఆ కనబడని అచ్చుమీద. అక్కడ అరసున్నా ఉండదు, అవగ్రహమూ ఉండదు, కొక్కెమూ ఉండదు. చదివేవాడే విరిచి చూసుకోవాలి.